ఆ ఫారం మీద సంతకం పెట్టాలా?

ఉత్తరం చేతిరాతతో నాలుగు పేజీలుంది. రాసినావిడ పేరు వేయొద్దన్నారు. ముందు క్లుప్తంగా ఆవిడ సంగతి.

వయసు 44. స్కూల్లో లెక్కల టీచరు. ఆరేళ్ళుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు. బరువు 78 కిలోలు. రెండు నెలల క్రితం కుడి డొక్కలో నొప్పి వస్తే పిత్తాశయంలో రాళ్ళేమోనని స్కానింగ్ తీశారు. రాళ్ళు లేవు గానీ రిపోర్టు చివర 'గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్' అని ఒక లైను వచ్చింది. అక్కణ్ణుంచి లివర్ డాక్టరు, రక్తపరీక్షలు, లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్. అందులో 9.6 వచ్చింది. "మధ్యస్థంగా ఉంది" అన్న డాక్టరు, తమ దగ్గర ఒక కొత్త మందు మీద ట్రయల్ నడుస్తోందని, ఇష్టమైతే చేరొచ్చని చెప్పి 28 పేజీల ఫారం చేతికిచ్చారు. మొదట ఒక బయాప్సీ, అంటే లివర్ నుంచి సూదితో చిన్న ముక్క తీసి చూడడం, ఏడాదిన్నర తర్వాత ఇంకొకటి. మధ్యలో రోజుకో మాత్ర. అది అసలు మందో, ఉత్తుత్తి మాత్రో ఆవిడకీ తెలియదు, డాక్టరుకీ తెలియదు.

ఇంట్లో చెబితే భర్త మండిపడ్డారు. "ప్రయోగాలకి ఒళ్ళప్పగించాల్సిన ఖర్మ మనకేంటి?" తమ్ముడిదీ అదే మాట: "కంపెనీలకి ఎలుకవి అవుతావా అక్కా?" పదిహేడేళ్ళ కూతురు మాత్రం ఫారం మొత్తం చదివింది. ఆ ఉత్తుత్తి మాత్రని ఫారంలో 'ప్లసీబో' అన్నారు, ఆ మాట ఉన్న చోటల్లా పెన్సిల్‌తో గీత గీసి, పక్కన ప్రశ్నార్థకాలు పెట్టి తిరిగిచ్చింది. ఉత్తరం రాసినావిడ తన అమ్మకి ఇంకా చెప్పలేదు. ఐదేళ్ళ క్రితం ఈవిడ సొంత అన్నయ్య తాగుడుతో లివర్ పాడై చనిపోయారు. ఇంట్లో ఆ మాట ఎత్తితేనే అమ్మ గదిలోకి వెళ్ళిపోతుందట. పైగా ఒక బంధువు నవ్వుతూ "నువ్వూ మొదలెట్టావా ఏంటి?" అన్నారు. ఆవిడ జన్మలో చుక్క ముట్టలేదు.

ఉత్తరం ఇలా ముగిసింది: "అంతా నా నోటి వల్లే కదా. తినీ తినీ తెచ్చుకున్నాను. కనీసం ప్రయోగానికైనా పనికొద్దాం అనిపిస్తోంది. చేరమంటారా?"

*

ట్రయల్ గురించి తర్వాత మాట్లాడదాం. ముందు ఆ చివరి నాలుగు ముక్కల సంగతి. మిగతా పేజీలన్నీ రాసింది లెక్కల టీచరు. తేదీలు, అంకెలు, ఎవరు ఏమన్నారో వరసగా ఉన్నాయి. చివరికొచ్చేసరికి రాసినావిడ మారిపోయారు. తప్పు చేశాను, శిక్ష పడనీ అన్నట్టుంది. ఆ మనసుతో దేని మీదా సంతకం పెట్టకండి, స్కూలు హాజరు పుస్తకంలో తప్ప.

నేను డాక్టర్ని కాను. ఒకప్పుడు ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో నాలుగేళ్ళు పనిచేశాను. అలాంటి కమిటీల్లో వైద్యం తెలియని మనిషి ఒకరు ఉండాలన్న నియమం ఉంటుంది, ఆ మనిషిని నేను. రోగి చేతికిచ్చే ఫారం చదివి, నాకు అర్థం కాని చోటల్లా ఆపడమే నా ఉద్యోగం. నేను ఎక్కువసార్లు ఎర్ర పెన్నుతో కొట్టేసిన మాట 'చికిత్స'. ఇంకా పరీక్షలో ఉన్న మందుని చికిత్స అనకూడదు, 'పరిశోధనలో ఉన్న మందు' అని రాయమనేదాన్ని. ఒక డాక్టరుగారు విసుక్కుని "రెండూ ఒకటే కదమ్మా" అన్నారు. కాదు. మీ ఉత్తరంలో కూడా ఒకచోట 'ఆ ట్రీట్‌మెంట్' అని రాశారు, చూసుకోండి.

ఇక మీ నోటి సంగతి. లివర్‌లో చేరే కొవ్వు ఎక్కణ్ణుంచి వస్తుందో కొలవడానికి 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. బయాప్సీ ఎలాగూ చేయించుకోబోతున్న తొమ్మిది మందికి, ముందు నాలుగు రోజుల పాటు, జాడ పట్టడానికి గుర్తులు పెట్టిన పోషకాలు ఇచ్చారు. ఆ తర్వాత లివర్ ముక్కలో ఆ గుర్తులు ఎక్కడ తేలాయో చూశారు. 59 శాతం కొవ్వు ఒంట్లో ఇదివరకే నిల్వ ఉన్న కొవ్వు కరిగి రక్తంలో కొట్టుకొచ్చింది. 26 శాతం లివర్ స్వయంగా, ముఖ్యంగా చక్కెరల నుంచి తయారు చేసుకుంది. నేరుగా తిండిలోని కొవ్వు నుంచి వచ్చింది 15 శాతమే. తిండికి సంబంధం లేదని నేననడం లేదు. ఆ నిల్వలూ ఎప్పుడో తిన్నదాని నుంచి పేరుకున్నవే. అసలు చిక్కు ఇన్సులిన్ మాట ఒళ్ళు సరిగ్గా వినకపోవడంలో ఉంది. అది మొండికేస్తే కొవ్వు కణాలు ఆగకుండా కొవ్వుని రక్తంలోకి వదులుతాయి, లివర్ ఆపకుండా తయారు చేస్తుంది. ఇంతే తిని ఇంతే కదిలే ఇద్దరిలో ఒకరికి రావచ్చు, ఇంకొకరికి రాకపోవచ్చు. పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులో ఒక చిన్న మార్పు ఉన్నవాళ్ళ లివర్‌లో కొవ్వు ఎక్కువ చేరుతుందని 2008లోనే తేలింది. పుట్టుకతో వచ్చినదానికి మీరు ఎవరికి సంజాయిషీ చెబుతారు?

ఇంకో సంగతి గమనించారా? మీకు ఇప్పుడు ఈ కాస్త ఊరట ఇచ్చిన అంకెలు ఎవరో తొమ్మిది మంది ఇచ్చినవి. వాళ్ళూ ఏదో ఫారం మీద సంతకం పెట్టే ఉంటారు. మిమ్మల్ని చేరమని చెప్పడానికి ఇది రాయలేదు. 'ఎలుక' అన్న మాట వాళ్ళకి అతకదని మాత్రం మీ తమ్ముడికి చెప్పండి. ఎలుకని ఎవరూ అడగరు, ఎలుక మధ్యలో 'ఇంక నావల్ల కాదు' అని వెళ్ళిపోలేదు. మీరు వెళ్ళిపోవచ్చు. కారణం చెప్పక్కర్లేదు, మీ మామూలు వైద్యం ఆగకూడదు. మధ్యలో తప్పుకునే హక్కు 1964 నాటి హెల్సింకి ప్రకటన నుంచీ వైద్య పరిశోధనకి కట్టుబాటు.

అమ్మ భయం వేరు. ఆవిడ భయపడేది మీ జబ్బుకి కాదు, ఆ మాటకి. ఆ మాట దగ్గర వైద్యులు కూడా తడబడ్డారు. మద్యం తాగనివాళ్ళ లివర్‌లోనూ అచ్చం తాగేవాళ్ళ లివర్‌లాంటి మార్పులు చూసి, 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లుడ్విగ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 20 మంది రోగుల గురించి రాశారు. అంతవరకూ ఈ జబ్బుకి పేరు లేదు. వాళ్ళు 'నాన్ ఆల్కహాలిక్' అని పెట్టారు. జబ్బు ఏది కాదో చెప్పే పేరు, ఏదో చెప్పని పేరు. 40 ఏళ్ళ పైగా అదే నడిచింది. చివరికి 2023లో, 56 దేశాల నుంచి 236 మంది కూర్చుని పేరు మార్చారు. 'నాన్ ఆల్కహాలిక్' అన్న మాట రోగిని చిన్నబుచ్చుతుందని వాళ్ళలో 61 శాతం మంది, 'ఫ్యాటీ' అన్న మాట చిన్నబుచ్చుతుందని 66 శాతం మంది అన్నారు. మీ బంధువు నవ్వు ఒక అంతర్జాతీయ సమావేశం దాకా వెళ్ళిందన్నమాట. ఇప్పటి పేరు మెటబాలిక్ డిస్‌ఫంక్షన్ అసోసియేటెడ్ స్టియాటోటిక్ లివర్ డిసీజ్, పొడి అక్షరాల్లో ఎంఏఎస్ఎల్‌డీ. నోరు తిరగదు, ఒప్పుకుంటాను. కానీ అర్థం సూటిగా ఉంది: లివర్‌లో కొవ్వు, దానితో పాటు షుగర్, బీపీ, నడుం చుట్టుకొలత, రక్తంలో కొవ్వులు వీటిలో కనీసం ఒక తేడా. అమ్మకి మాత్రం ఇంత చెప్పనక్కర్లేదు. "నాకున్న షుగరే అమ్మా, లివర్ దాకా వెళ్ళింది" అనండి. అది అబద్ధం కాదు, ఆవిడ గదిలోకి వెళ్ళిపోయే మాటా కాదు.

ఇప్పుడు మీ రిపోర్టులు. మీరు ఉత్తరమంతా 'గ్రేడ్ 2' చుట్టూ తిరిగారు. గ్రేడ్ అనేది స్కానింగ్‌లో కొవ్వు ఎంత తెల్లగా మెరిసిందో చెప్పే మాట. మున్ముందు ఏమవుతుందో చెప్పేది కొవ్వు కాదు, మచ్చ. అంటే ఫైబ్రోసిస్. వాపు వచ్చి తగ్గిన చోటల్లా లివర్‌లో మచ్చ కడుతుంది. దాన్ని ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా మెట్లుగా లెక్కిస్తారు, ఎఫ్4 అంటే సిర్రోసిస్. ట్రయల్స్‌లో వాళ్ళు సాధారణంగా వెతికేది ఎఫ్2, ఎఫ్3 మెట్ల మీద ఉన్నవాళ్ళని.

మీరు ఏ మెట్టు మీదున్నారో ఇంకా ఎవరికీ తెలియదు. మీరు రాసిన అంకెలతో నేనూ ఒక లెక్క వేశాను. ఫిబ్-4 అంటారు, లెక్కల టీచరు గనక మీరూ వేసి చూడండి. రక్తపరీక్ష రిపోర్టులో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అని ఉండేవి లివర్ ఎంజైములు. వయసుని ఏఎస్‌టీతో గుణించి, దాన్ని వేలల్లో ప్లేట్‌లెట్ల సంఖ్య, ఏఎల్‌టీ వర్గమూలం ఈ రెండింటి లబ్ధంతో భాగించాలి. 44 ఇంటూ 52, కింద 210 ఇంటూ 68 వర్గమూలం. 1.32 వస్తుంది. 1.3 లోపు ఉంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. మీరు గడప మీద నిలబడ్డారు. ఫైబ్రోస్కాన్ కూడా అలాగే ఉంది: 8 లోపు నిశ్చింత, 12 దాటితే అనుమానం గట్టిది, 9.6 ఆ రెండింటి మధ్య. అంటే భయపడేంత లేదు, వదిలేసేంతా లేదు. ఆ స్కాన్ ఖాళీ కడుపుతో, కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా తీయాలి. తిని వెళితే అంకె పెరుగుతుంది. మీరు స్కూలు నుంచి మధ్యాహ్నం భోజనం చేసి నేరుగా వెళ్ళానని రాశారు. నాకైతే ముందు ఆ స్కాన్ సరిగ్గా మళ్ళీ తీయించాలనిపిస్తోంది. 7 వచ్చినా ఆశ్చర్యం లేదు. అప్పుడు ఆ ట్రయల్ మిమ్మల్ని తీసుకోకపోవచ్చు కూడా, ఇంట్లో ఈ గొడవంతా ఉత్తిదే అయిపోతుంది.

తొందరేమీ లేదని ఎందుకంటున్నానంటే, మచ్చ ఒక మెట్టు ఎక్కడానికి, కొవ్వు మాత్రమే ఉన్నవాళ్ళకి సగటున 14 ఏళ్ళు, వాపు కూడా ఉన్నవాళ్ళకి 7 ఏళ్ళు పడుతుందని పాత బయాప్సీలన్నీ కలిపి చూసిన విశ్లేషణలో తేలింది. కొందరిలో వేగంగా ఎక్కుతుంది, అందుకే కనిపెట్టి ఉండాలి. కానీ ఒక నెల ఆగి ఆలోచించినంత మాత్రాన మునిగిపోయేదేం లేదు. "ఈ వారంలోనే చెప్పాలి" అన్నారని రాశారు. ఆ వారం మీ లివర్‌ది కాదు, వాళ్ళ రిజిస్టర్‌ది.

స్కాన్ మళ్ళీ తీసినా 9, 10 దగ్గరే ఉందనుకుందాం. అప్పుడు ట్రయల్ నిజంగానే ఆలోచించదగ్గది. దాని ముందూ వెనకా తెలిసి ఆలోచించండి.

ఈ జబ్బు మీద మందుల పరిశోధన చాలాకాలం ఓటముల చరిత్రే. సెలాన్‌సెర్టిబ్ 2019లో తేలిపోయింది, ఎలాఫిబ్రనార్ 2020లో. ఒబెటికోలిక్ ఆసిడ్ మచ్చని కొంత తగ్గించినా, దురద లాంటి ఇబ్బందులు, లివర్‌కే హాని చేసే ప్రమాదం చూసి, అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు, 2020లో ఒకసారి, 2023లో ఇంకోసారి. కాబట్టి మీ ఆయన భయాన్ని మూర్ఖత్వం అనకండి. ఆ ట్రయల్స్‌లో చేరినవాళ్ళూ ఆశతోనే చేరారు. తర్వాత గాలి మారింది. 2024 మార్చిలో రెస్మెటిరామ్‌కి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది, ఈ జబ్బుకంటూ అమెరికాలో వచ్చిన మొదటి మందు. 966 మంది మీద చేసిన ట్రయల్‌లో ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్ళలో దాదాపు 26 శాతానికి మచ్చ కనీసం ఒక మెట్టు దిగింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 14 శాతానికి దిగింది. 2025 ఆగస్టులో, షుగర్‌కి అప్పటికే వాడుతున్న సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌కి కూడా ఈ జబ్బుకి ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. దాని ట్రయల్‌లో 72 వారాల తర్వాత మచ్చ తగ్గినవాళ్ళు 37 శాతం దాకా, ఉత్తుత్తి ఇంజెక్షన్ వైపు 22 శాతం. రెండు మందులూ ఎఫ్2, ఎఫ్3 వాళ్ళకే.

మీ అమ్మాయి పెన్సిల్ గీతలకి జవాబు ఇక్కడే ఉంది. ఏ మందూ లేని వైపు కూడా అయిదారుగురిలో ఒకరికి మచ్చ తగ్గినట్టు కనిపించింది. దీనికి రెండు కారణాలు. ఒకటి, ట్రయల్‌లో ఉన్న మనిషిని నెలనెలా ఎవరో పలకరిస్తారు, బరువు చూస్తారు, దాంతో ఒళ్ళు కాస్త దారిలో పడుతుంది. రెండోది, బయాప్సీ సూదికి చిక్కే ముక్క మొత్తం లివర్‌లో దాదాపు యాభై వేలో వంతు. మొదటిసారి మచ్చ ఉన్న చోట గుచ్చి, రెండోసారి లేని చోట గుచ్చితే జబ్బు తగ్గినట్టే ఉంటుంది. అలాంటి మాయని మందు ఖాతాలో వేయకుండా ఉండడానికే ఉత్తుత్తి మాత్ర. అది మోసం కాదు, లెక్కలో తీసివేత లాంటిది. అయితే మీ వైపు నుంచి చూస్తే సగం అవకాశం ఇదీ: ఏడాదిన్నర పాటు మందు లేకుండా, రెండు బయాప్సీలతో గడపడం. బయాప్సీ తర్వాత భుజంలోనో పొట్టలోనో నొప్పి రావడం మామూలే, ప్రమాదకరమైన రక్తస్రావం అరుదు. అరుదు అంటే లేదని కాదు.

చేరితే ఏం కట్టుబడాలో కూడా చూసుకోండి. ఇలాంటి ట్రయల్స్‌లో షుగర్ మందులు మధ్యలో మార్చడానికి షరతులుంటాయి. సెమాగ్లుటైడ్ లాంటివి కొత్తగా మొదలెట్టనివ్వకపోవచ్చు. మీకు అసలే షుగర్ ఉంది, ఆ కారణంగానే మీ డాక్టరు ఆ మందు రాసే వీలు ఉండొచ్చు. ట్రయల్‌లో చేరితే ఆ దారి ఏడాదిన్నర మూసుకుంటుందా? మీ ఉత్తరంలో లేని ప్రశ్న ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దదీ ఇదే. నెలసరి ఇంకా వస్తుంటే గర్భం రాకుండా జాగ్రత్త పడాలన్న షరతు కూడా ఉంటుంది. అది ఇద్దరికీ సంబంధించిన మాట, మీ ఆయనకి ముందే తెలియాలి.

చేరకపోతే? చేతులు కట్టుకు కూర్చున్నట్టు కాదు. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో 293 మంది ఏడాది పాటు తిండి, నడక మార్చుకున్నారు. బరువులో పదో వంతు తగ్గించగలిగినవాళ్ళలో 90 శాతానికి వాపు పోయింది, 45 శాతానికి మచ్చ వెనక్కి తగ్గింది. అనుమతి వచ్చిన ఆ రెండు మందుల ట్రయల్స్‌లోనూ ఆ అంకె రాలేదు. మీకు పదో వంతంటే దాదాపు 8 కిలోలు. కానీ ఆ 293 మందిలో అంత తగ్గించగలిగింది పదిమందిలో ఒకరే. ఈ ముక్క దాచి "బరువు తగ్గమ్మా" అని చెప్పి పంపేస్తుంటారు, నాకు ఒళ్ళు మండుతుంది. 4 కిలోలు తగ్గినా కొవ్వు కరుగుతుంది, అక్కణ్ణుంచి మొదలెట్టొచ్చు. ఇంకోటి, ఈ జబ్బు ఉన్నవాళ్ళు ఎక్కువగా పోయేది లివర్ వల్ల కాదు, గుండె వల్ల. కాబట్టి బీపీ, కొలెస్ట్రాల్ చూసుకోవడం కూడా లివర్ వైద్యంలో భాగమే. ట్రయల్‌లో ఉన్నా లేకపోయినా ఇదైతే తప్పదు. మధ్యలో బరువు బాగా తగ్గి, ట్రయల్‌కి పనికిరాకుండా పోతే? పోనివ్వండి. అంతకన్నా మంచి కారణంతో ఎవరూ తిరస్కరించబడరు.

మీ ఆయనతో మళ్ళీ ఎలా మాట్లాడాలో అడిగారు. మొదటిసారి మీరు ఆయన్ని అనుమతి అడిగినట్టున్నారు. అనుమతి అడిగితే మనిషి అవునో కాదో అంటాడు, అదే ఆయన పని అనుకుంటాడు. ఈసారి పని అప్పజెప్పండి. ట్రయల్ డాక్టరు దగ్గరికి తోడు తీసుకెళ్ళి, ఆయన చేతనే అడిగించండి: మందు వల్ల హాని జరిగితే వైద్యం ఖర్చు ఎవరిది, ఏడాదిన్నర తర్వాత మందు పనిచేసిందని తేలితే ఈవిడకి ఇస్తారా, ఇప్పటిదాకా ఎంతమంది మధ్యలో మానేశారు, ఎందుకు. తమ్ముడికి కూడా ఒక పని ఉంది, బయాప్సీ రోజు కారు తేవడం. సంతకం మాత్రం మీది, ఏ వైపు నిర్ణయించినా. నన్నడిగితే, స్కాన్ మళ్ళీ చేయించి అది ఎక్కువే వచ్చి, షుగర్ మందు దారి కూడా మూసుకోదని తేలితే, నేనైతే చేరేదాన్నేమో. ఆ రెండిట్లో ఏది తప్పినా ఆగేదాన్ని. మీరు నేను కాదు, రెండు బయాప్సీలు పడాల్సింది మీ పొట్టకి.

ఇంకొక్క పని. ఫారం చివరి పేజీలో 'అత్యవసరమైతే ఇరవై నాలుగు గంటలూ' అని ఒక ఫోన్ నంబరు ఉంటుంది. సంతకం పెట్టకముందే, ఒక ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక ఆ నంబరుకి ఫోన్ చేయండి. ఎత్తినవాళ్ళకి మీ సందేహం ఏదో ఒకటి చెప్పండి. అసలు ఎత్తుతారో లేదో, ఎత్తితే ఎలా మాట్లాడతారో నాకు మళ్ళీ రాయండి.